కార్పొరేషన్ బడిలో తెలుగు టీచరు కోసం: చెన్నైలో మా అర్జీ నడిచిన దారి

చెన్నైలో మన పిల్లలకు తెలుగు చెప్పే టీచరును ఇవ్వమని అడగడానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు. రాజ్యాంగంలోనే దానికి చోటుంది. ఆ చోటు ఏదో, దాన్ని పట్టుకుని ఏ బల్ల ముందు ఏం అడగాలో తెలియనప్పుడే ఎంత న్యాయమైన అర్జీ అయినా తపాలు సెక్షన్ దాటి ముందుకు పోదు. కొరుక్కుపేట, రాయపురం, పెరంబూరు వైపు కార్పొరేషన్ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులతో కూర్చుని ఈ పని చేస్తూ వచ్చాం. అందులో ఏది పనికొచ్చింది, ఏది ఎందుకు ఆగిపోతుంది అన్నది ఇతర పేటలవాళ్లకు ఉపయోగపడాలని రాస్తున్నాం.

ముందు కాస్త చరిత్ర తెలియాలి. ఎందుకంటే అర్జీ చదివే అధికారి మొదట అడిగేది అదే: తమిళనాడులో తెలుగు ఎందుకు? పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 దాకా, 58 రోజులు, ఈ ఊళ్లోనే మైలాపూరులో నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు ఇక్కడే ఉండిపోయారు. భాషను బట్టి గీతలు గీస్తే ప్రతి గీతకూ అటో ఇటో కొందరు మిగిలిపోతారని రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 నివేదికలో గుర్తించి, వాళ్లకు రక్షణలు ఉండాలని చెప్పింది. ఆ మాట మీదే 1956లో ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణాలు రాజ్యాంగంలో చేరాయి. కాబట్టి మనం అడిగేది దయ కాదు, కొత్త కోరికా కాదు. రాష్ట్రాలను విడదీసిన రోజునే మిగిలిపోయినవాళ్లకు దేశం ఇచ్చిన మాట.

350ఎ ఏం చెబుతుందంటే, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి. స్థానిక సంస్థ అన్న మాటను అర్జీలో కింద గీత గీసి మరీ చూపించండి. కార్పొరేషన్ బడి అయితే ఆ బాధ్యత నేరుగా కార్పొరేషన్‌దే. రాష్ట్ర విద్యాశాఖను అడగండి అని పంపేస్తే ఈ మాటే జవాబు.

అయితే ఇది మెడ మీద కత్తి పెట్టే అధికరణం కాదు. ప్రయత్నించాలి అంటుందే తప్ప, చేయకపోతే ఇంత శిక్ష అనదు. దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని వెళ్తే మీ అర్జీ పరిశీలనలో ఉంది అన్న జవాబుతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. దానికి లెక్క తోడు కావాలి. ఆ లెక్క 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం చేసిన తీర్మానంలో ఉంది: బడి మొత్తం మీద ఆ భాష పిల్లలు 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే కనీసం ఒక టీచరును వేసి మాతృభాషలో చెప్పించాలి. తర్వాత 1956లో కేంద్రం తెచ్చిన భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పత్రంలోనూ ఇదే లెక్క ఉంది.

ఇక్కడ చాలామంది ఒక చోట తడబడతారు. అదే పత్రంలో 15 శాతం అనే ఇంకో లెక్క కూడా ఉంది. అది ప్రభుత్వ నోటీసులు, ప్రకటనలు అల్పసంఖ్యాకుల భాషలో కూడా వేయడానికి సంబంధించింది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 6 శాతం లోపే. మీరు 15 శాతం లేరు కదా అని బల్ల అవతల నుంచి అంటే, అది నోటీసుల లెక్క, బడి లెక్క 40, 10 అని నెమ్మదిగా చెప్పి ఆ పేజీ చూపించాలి. రెండు కోరికలనూ ఒకే అర్జీలో కలిపితే, కుదరని దాన్ని చూపించి కుదిరేదాన్ని కూడా తోసేస్తారు. అందుకే ఒక అర్జీలో ఒకటే అడగాలి.

ఇప్పుడు అసలు కష్టం. 40 మంది ఉన్నారని మనకు తెలుసు, వీధిలో కళ్లకు కనిపిస్తారు. కాగితం మీద ఉండరు. బడి ప్రవేశాల రిజిస్టరులో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. రాష్ట్ర విద్యాశాఖ వాడే ఎమిస్ అనే కంప్యూటరు వ్యవస్థలోనూ అదే గడి ఉంటుంది. పిల్లను చేర్చేటప్పుడు తల్లి తమిళంలోనే మాట్లాడుతుంది, అవతల రాసేవాళ్లు తమిళం అని రాసేస్తారు. ఎవరూ కావాలని చేసింది కాదు. కానీ ఇంట్లో నోరు తెరిస్తే తెలుగే మాట్లాడే బిడ్డ ఆ ఒక్క గడితో లెక్కలోంచి జారిపోతుంది. పారిశుధ్య పనికి నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి తాతల నాడు వచ్చిన ఆది ఆంధ్ర కుటుంబాల పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అర్జీ మొదలుపెట్టాల్సింది కార్పొరేషన్ ఆఫీసులో కాదు, ఈ గడి దగ్గర.

ఇంటింటికీ వెళ్లి, "అక్కా, బిడ్డను బడిలో ఏ భాష అని రాయించినావు?" అని అడిగితే చాలామందికి తెలియదు. తెలియకపోవడం సహజమే, ఆ గడిని వాళ్లకు ఎవరూ చూపించలేదు. దిద్దించడానికి తల్లి గానీ తండ్రి గానీ ప్రధానోపాధ్యాయురాలికి ఒక పేజీ దరఖాస్తు ఇవ్వాలి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తరగతి, ప్రవేశ సంఖ్య, ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అన్న ధ్రువీకరణ, కింద సంతకం. అఫిడవిట్లు, నోటరీలు అవసరం లేదు. రుజువు ఏదైనా తెమ్మంటే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మేలో కర్ణాటక కేసులో ఇచ్చిన తీర్పును చూపించవచ్చు. బిడ్డ మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులే లేదా సంరక్షకులే అని అందులో స్పష్టంగా ఉంది. నిజం చెప్పాలంటే అదే తీర్పు, మాతృభాషలోనే చదవాలని 350ఎ పేరు చెప్పి ఎవరినీ బలవంతం చేయకూడదని కూడా అంది. మనం బలవంతం చేయడం లేదు కాబట్టి అది మనకు అడ్డు కాదు.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద బడి ముద్ర, తేదీ వేయించుకోవాలి. రిజిస్టరులో దిద్దాక ఎమిస్‌లో కూడా మారిందో లేదో విడిగా అడగాలి. పై ఆఫీసులు చూసేది ఎమిస్ లెక్కనే. రిజిస్టరులో తెలుగు, కంప్యూటరులో తమిళం అని ఉన్న పిల్లలు ఏ పట్టికలోనూ రారు.

తల్లులు రెండు భయాలు చెబుతారు. గడి మారిస్తే కమ్యూనిటీ సర్టిఫికెట్‌కు ఇబ్బంది వస్తుందేమో అన్నది ఒకటి. తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఆది ఆంధ్ర పేరు ఉండనే ఉంది, మాతృభాష గడికీ దానికీ సంబంధం లేదు. రెండోది, తమిళం నేర్పరేమో, రేపు ఉద్యోగాలకు ఎలా అని. ఈ భయం సరైనదే, దానికి సూటిగా జవాబు చెప్పాలి. 2006 తమిళ అభ్యసన చట్టం ప్రకారం మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది మిగతా సబ్జెక్టులు, నాలుగో భాగంగా మాతృభాషను ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. బిడ్డ తమిళం వదులుకోదు, తెలుగు కలుపుకుంటుంది. మా అర్జీ మొదటి పేరాలోనే ఈ మాట రాశాం: మేం తమిళానికి వ్యతిరేకులం కాదు, మా పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి, దాంతోపాటు తమ అమ్మ భాష చదవడం, రాయడం కూడా రావాలి. ఆ వాక్యం లేకపోతే అర్జీని ఎవరైనా రాజకీయం చేయగలరు. పొరుగింటి తమిళ తల్లులు కూడా కింద సంతకం పెట్టారంటే ఆ వాక్యం వల్లే.

తెలుగు మాధ్యమం అడగాలా, తెలుగు ఒక సబ్జెక్టుగా చాలా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి. 1949 తీర్మానం మాధ్యమం గురించి, 2006 చట్టంలోని నాలుగో భాగం సబ్జెక్టు గురించి. ఇంగ్లీషు మాధ్యమం వైపు మొగ్గే ఇళ్లే ఎక్కువ, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. అలాంటి చోట మాధ్యమం కోసం పట్టుబడితే సంతకాలు సగానికి పడిపోతాయి. మా సలహా: ఒకటి నుంచి ఐదు దాకా తెలుగు చదవడం రాయడం నేర్పే ఒక టీచరు, ఆ తరగతులకు తెలుగు వాచకాలు, ప్రవేశాలప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు అన్న బోర్డు. ఇంతే అడగండి. వాచకాలు పెద్ద సమస్య కాదు, రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ తెలుగులోనూ అచ్చు వేస్తుంది. ఎన్ని పుస్తకాలు కావాలో చెప్పే ఇండెంటు బడి నుంచి సమయానికి వెళ్లాలి, అంతే.

సంతకాల కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అర్జీలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ప్రతి పేజీ పైనా కోరిక పూర్తిగా ఉండాలి. మొదటి పేజీలో మాత్రమే కోరిక రాసి, వెనక వట్టి సంతకాల పేజీలు కుట్టేస్తే, ఇవి దేనికి పెట్టిన సంతకాలో ఎలా నమ్మాలి అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. గడులు ఇలా పెట్టాం: వరుస సంఖ్య, తల్లి లేక తండ్రి పేరు, వీధి, బిడ్డ చదివే తరగతి, సంతకం, తేదీ. ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు వద్దు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మన అదుపులో ఉండదు. వేలిముద్ర పెట్టినచోట పక్కన సాక్షి పేరు, సంతకం ఉండాలి. ఒకే ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పెట్టినా బిడ్డను ఒక్కసారే లెక్కించాలి. 40 అని రాసి, లోపల లెక్కిస్తే 31 తేలితే మొత్తం అర్జీ నమ్మకం పోతుంది. పారిశుధ్య పనివాళ్ల ఇళ్లకు తెల్లవారుజామున పోతే ఎవరూ దొరకరు, డ్యూటీకి వెళ్లిపోయి ఉంటారు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లడం మేలు.

అర్జీ ఏ భాషలో రాయాలి? రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కష్టం తీర్చమని ఏ అధికారికైనా ఇచ్చే వినతిని దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. కాబట్టి తెలుగులో ఇవ్వడం మన హక్కు. జవాబు తెలుగులోనే రావాలని మాత్రం అందులో లేదు. మేం తెలుగు అర్జీ పైన, దాని తమిళ అనువాదం వెనక జతచేసి ఇచ్చాం. ఫైలు మీద నోటు రాసే గుమాస్తా తమిళంలో రాస్తాడు. ఆయనకు అర్థం కాని కాగితం మీద ఆయన ఏం రాయగలడు? తెలుగు మాత్రమే ఇచ్చి హక్కు నిలబెట్టుకోవడం కన్నా, రెండూ ఇచ్చి పని నడిపించుకోవడం మంచిది. తమిళంలో మాత్రమే తెమ్మని కౌంటరులో వెనక్కి పంపితే వాదించవద్దు, అదే కాగితాన్ని తపాలాలో పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టు చేస్తూ అందినట్టు రుజువు కూడా అడిగి తీసుకోవాలి. ట్రాకింగ్ పేజీని అదే వారం ప్రింటు తీసి పెట్టుకోండి. చేత్తో ఇచ్చినా సరే, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డ్ నంబరు లేకుండా అక్కడి నుంచి కదలకండి. "సార్, నంబరు వేసి ఇస్తే వెళ్లిపోతాం" అని నిలబడితే వేస్తారు.

అర్జీ కార్పొరేషన్ కమిషనరుకు రిప్పన్ బిల్డింగ్ చిరునామాతో వెళ్లాలి. ప్రతులు జోనల్ ఆఫీసుకు, వార్డు కౌన్సిలరుకు. రాజాజీ సాలైలోని కలెక్టరేటులో సోమవారాల్లో ప్రజల అర్జీలు తీసుకుంటారు. అక్కడ ఇచ్చిన కాగితం చివరికి కార్పొరేషన్‌కే పోతుంది గానీ, దానికి వేరే నంబరు పడుతుంది, జవాబు ఇచ్చామని చూపించాల్సిన బాధ్యత ఇంకొకరి మీద పడుతుంది. అందుకే పనికొస్తుంది.

దీనికి సమాంతరంగా బడి లోపలే ఒక పని చేయాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ, స్థానిక సంస్థ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది ఆ కమిటీయే. తెలుగు తల్లులు ఒకరిద్దరు అందులో ఉంటే, తెలుగు టీచరు కావాలి అన్న ఒక్క తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కించవచ్చు. ఆ తీర్మానం నకలు అర్జీకి జతచేస్తే అది బయటివాళ్ల కోరిక కాకుండా బడి కోరిక అవుతుంది. మా అభిప్రాయంలో వంద సంతకాల కన్నా ఆ ఒక్క పేజీ బరువు ఎక్కువ.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం. ఇక్కడ భాష నియమం వేరు. 6వ సెక్షన్ ప్రకారం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే అడగాలి. చెన్నైలో అంటే తమిళం లేక ఇంగ్లీషు. తెలుగులో పెడితే వెనక్కి పంపడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది. తమిళనాట పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. సంఘం పేరుతో పెట్టవద్దు, చట్టం హక్కు ఇచ్చింది పౌరులకు, కాబట్టి ఒక మనిషి పేరుతో, ఇంటి చిరునామాతో పెట్టాలి.

టీచరును ఎందుకు వేయలేదు అని అడగకూడదు. ఎందుకు అన్నదానికి జవాబు సమాచారం కిందికి రాదని సులభంగా తోసేస్తారు. కాగితాలు అడగాలి: ఫలానా ఇన్‌వార్డ్ నంబరు, ఫలానా తేదీ అర్జీ మీద రాసిన నోట్ల నకళ్లు, ఈ బడిలో తరగతివారీగా మాతృభాష తెలుగుగా నమోదైన పిల్లల సంఖ్య, మంజూరైన తెలుగు టీచరు పోస్టులు ఎన్ని, ఖాళీ ఎన్ని, పిల్లల సంఖ్యను బట్టి బడికి ఎన్ని పోస్టులో తేల్చే గత మూడేళ్ల పోస్టుల నిర్ధారణ ఉత్తర్వుల నకళ్లు. పిల్లల పేర్లు అడగవద్దు, అది వ్యక్తిగత సమాచారమని అదే చట్టం 8(1)(జె) సెక్షన్ కింద నిరాకరిస్తారు, అలా నిరాకరించడం సబబే. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దాకా వెళ్తే చాలా కాలం పడుతుంది. చాలాసార్లు మొదటి అప్పీలు వినికిడి తేదీ రాగానే ఫైలు కదులుతుంది.

ఆ నకళ్లలో ఒక విషయం తరచూ బయటపడుతుంది. పిల్లలు తగ్గారని పోస్టు తీసేశారు, పోస్టు లేదని పిల్లలు చేరడం మానేశారు. ఈ చక్రం ఎక్కడ మొదలైందో ఉత్తర్వుల తేదీలు వరుసగా పేర్చి చూస్తే తెలుస్తుంది. పోస్టు పోయిన ఏడాదికి ముందు తెలుగు పిల్లల సంఖ్య ఎంతో చూపించగలిగితే, మీ పిల్లలే రావడం లేదు కదా అన్న వాదన నిలవదు.

భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు కూడా ఒక ప్రతి పంపాలి. 350బి కింద ఏర్పడిన కార్యాలయం అది, దాని ప్రాంతీయ కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఆయన ఎవరినీ ఆదేశించలేరు. రాష్ట్రానికి ఉత్తరం రాస్తారు, రాష్ట్రపతికి ఇచ్చే నివేదికలో చేర్చగలరు, ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్తుంది. అంతవరకే ఆశించాలి. అయినా పంపాలి, ఎందుకంటే రాష్ట్రం ఆ ఉత్తరానికి ఇచ్చే జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.

కోర్టు చివరి మెట్టు. 226వ అధికరణం కింద మద్రాసు హైకోర్టులో వేసే రిట్‌కు ముందు అర్జీ ఇచ్చిన రుజువు, జవాబు రాలేదన్న రుజువు ఉండాలి. ఇన్‌వార్డ్ నంబర్ల కోసం అంత పట్టుపట్టేది అందుకే. తరచుగా వచ్చే ఉత్తర్వు, ఇన్ని వారాల్లో ఈ అర్జీని పరిశీలించి నిర్ణయం చెప్పండి అనే. దాన్ని గెలుపు అనుకుని పండగ చేసుకోకూడదు. పరిశీలించి తిరస్కరించవచ్చు కూడా. కానీ తిరస్కరిస్తే కారణం రాయాలి, ఆ కారణం మీద మళ్లీ వెళ్లవచ్చు. ఖర్చుకు భయపడనక్కర్లేదు. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

వీధిలో ధర్నా చేద్దామనేవాళ్లు ప్రతి పేటలోనూ ఉంటారు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు 19వ అధికరణంలో ఉంది. చెన్నైలో దానికి సిటీ పోలీసు చట్టం 41వ సెక్షన్ కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. కనీసం ఐదు రోజుల ముందు చోటు, సమయం, వచ్చేవాళ్ల సంఖ్య, మైకు వివరాలు రాసివ్వాలి. మేం దాని జోలికి వెళ్లలేదు. 1949 నవంబరు 25న అంబేద్కర్ గారు రాజ్యాంగ సభలో చెప్పిన మాట మాకు ఇక్కడ గురి: రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు వాటిని వదిలి వేరే దారి పట్టడానికి సమర్థన లేదు. దారి మూసుకుపోయిందని చూపించగలిగేంత కాగితం చేతిలో లేనంతవరకు, చిన్న పిల్లలను ఎండలో కూర్చోబెట్టే హక్కు మనకు లేదని మా అభిప్రాయం. నవంబరు 26, రాజ్యాంగ దినాన, బడి ఒప్పుకుంటే రాజ్యాంగ పీఠికను తమిళంలో, తెలుగులో పిల్లలచేత చదివించండి. తల్లులు వచ్చి కూర్చుంటారు. యాజమాన్య కమిటీ తీర్మానానికి అంతకన్నా మంచి రోజు ఉండదు.

టీచరు వచ్చాక పని అయిపోలేదు. మొదట వచ్చేది చాలావరకు వేరే బడి నుంచి డెప్యుటేషన్ మీద, వారంలో కొన్ని రోజులకే. ఆ రోజుల్లో హాజరు పట్టీ నిండుగా ఉండాలి. తమిళనాట ప్రభుత్వ బడుల్లో పోస్టుల నిర్ధారణ ఆగస్టు 1 నాటి పిల్లల సంఖ్యతో జరుగుతుంది. కాబట్టి కొత్త పిల్లల ప్రవేశాలు, మాతృభాష గడి దిద్దుబాట్లు, ఎమిస్ మార్పులు అన్నీ జులై లోపలే పూర్తికావాలి. ఐదో తరగతి దాటి వెళ్లిన పిల్లల స్థానంలో ఒకటో తరగతిలో అంతమంది చేరారో లేదో జూన్‌లోనే లెక్క చూసుకోండి. ఒక తరగతిలో పది నుంచి తొమ్మిదికి పడితే వెంటనే బడి మొత్తం లెక్క 40 ఉందో లేదో చూడాలి. ఏ ఒక్కటి ఉన్నా టీచరును తీయడానికి వీల్లేదని ఆగస్టుకు ముందే రాసివ్వాలి. ఉత్తర్వు వచ్చాక రాస్తే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.